రెండు గుప్పెళ్ళ చిక్కుడు గింజలు

వదిన చేసిన ఆఖరి పని చిక్కుడు గింజలు నానబెట్టడం.

ఆదివారం సాయంత్రం వంటింటి గట్టు మీద స్టీలు గిన్నె పెట్టి, డబ్బాలో ఉన్న రెండు గుప్పెళ్ళ గింజలూ అందులో వొంపింది. ఒక్కొక్క గింజనీ చూపుడువేలితో తిప్పి చూసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర నిలబడి కాలర్లు తిప్పి చూసిన వేలు అది. పురుగు తొలిచిన రెండు గింజల్ని ఏరి గట్టు మూలకి తోసి, "రిజెక్ట్" అంది. నీళ్ళు పోసి పైన పళ్ళెం మూసింది.

"రేపు పొద్దున్నే వెళ్ళి పెట్టేయాలి. నానినవి మనకోసం ఆగవు."

ముందు గదిలో కుర్చీలో పుస్తకం చదువుకుంటున్న ఆడపడుచు తల ఎత్తకుండానే "ఊఁ" అంది.

"ఊఁ అంటే? వస్తావా?"

"నేనెందుకు? మట్టి నీది, పళ్ళెం నాది. నువ్వు ఈ ఇంటికొచ్చిన రోజే పంచుకున్నాం."

"పళ్ళెం దగ్గరికైతే పిలవకుండానే వస్తావు."

"మా అమ్మ చిక్కుళ్ళకి నన్ను పిలవాలా?"

తెల్లారి వదిన లేవలేదు. అన్నయ్య పోయిన పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. రోజూ అయిదింటికల్లా గిన్నెల చప్పుడుతో ఇల్లంతా లేపే మనిషి ఏడైనా ఉలుకూ పలుకూ లేకపోతే, ఆడపడుచు తలుపు తోసి చూసింది. ఆడపడుచు ఊళ్ళో లైబ్రరీలో పనిచేస్తుంది. వీధిలో అందరికీ ఆమె లైబ్రేరియనే, సొంత పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇక ఎవరూ మిగల్లేదు. వదిన నిద్రలోనే పోయింది, బాధపడి ఉండదు అన్నాడు డాక్టరు. లైబ్రేరియనుకి ఆ మాట ఎక్కలేదు. తిండి కూడా నిలబడే తినే మనిషి, మాట్లాడుతూనే ఎదుటివాళ్ళ చొక్కా మీద దారప్పోగు పీకే మనిషి, పడుకున్నది పడుకున్నట్టే పోవడం ఏమిటి? అది వదిన పద్ధతి కాదు.

ఆ రోజూ మర్నాడూ ఇంటి నిండా మనుషులు. వదిన వాళ్ళ అక్క వచ్చి వంటిల్లు చేతిలోకి తీసుకుంది. డెబ్భై దాటిన మనిషి, అందరూ ఆమెను పెద్దక్క అనే అంటారు. రెండోరోజు రాత్రి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, పెద్దక్క బలవంతం మీద లైబ్రేరియను పళ్ళెం ముందు కూర్చుంది. రెండు రోజులుగా ఏమీ తినలేదు. మొదటి ముద్దకే ఆకలి తెలిసింది. ఇంకొంచెం కూర వెయ్యమంది.

మూడోరోజు పొద్దున్న మొహం కడుక్కుంటుంటే గిన్నె గుర్తొచ్చింది. తడి చేతులతోనే వంటింట్లోకి పరిగెత్తింది.

"అక్కయ్యగారూ, ఇక్కడ గట్టు మీద ఒక గిన్నె ఉండాలి. గింజలు నానబెట్టింది."

"అదా? కడిగి బోర్లించాను, అదిగో."

"గింజలేవి?"

"గింజలేమిటి, వండేశాను కదమ్మా. రాత్రి తిన్నావు. మారు వడ్డించుకున్నావు కూడా."

"అవి విత్తనాలండీ!"

"విత్తనాలా?" పెద్దక్క చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "నాకేం తెలుసమ్మా? వంటింట్లో గింజలు నానితే వండుకోవడానికే అనుకుంటాం. అది తన చేత్తో నానబోసుకుంది, తినకుండానే పోయింది. పారబోయడానికి చేతులు రాలేదు. కనీసం మనమైనా తిందామని..."

"మా అమ్మ ఇచ్చిన విత్తనం. ఎన్నేళ్ళుగా కాపాడుకొస్తున్నామో తెలుసా? ఒక్క పూటలో మా చేతే మింగించారు!"

ఆ మాట అనకుండా ఉండాల్సిందని నోటి నుంచి వస్తుండగానే తెలిసింది. అయినా ఆపుకోలేదు. పెద్దక్క పొయ్యి కట్టేసి, సంచీ సర్దుకుని, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయింది. లైబ్రేరియను గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు.

ఆ చిక్కుళ్ళు లైబ్రేరియను వాళ్ళ అమ్మవి. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం. పెరట్లో పందిరేసి ఏటా పండించేది, ఏటా నాలుగు కాయలు తీగ మీదే ఎండనిచ్చి దాచేది. వదిన కోడలిగా వచ్చిన ఏడాదే ఆ డబ్బా ఆమె చేతిలో పెట్టి, "తప్పిపోనివ్వకు" అంది. కన్నకూతుర్ని పక్కన పెట్టుకుని కోడలికెందుకిచ్చావని ఎవరో అడిగితే, "దీనికిస్తే పుస్తకంలో గుర్తుకి పెట్టుకుంటుంది" అని నవ్వింది. అందరూ నవ్వారు, లైబ్రేరియనూ నవ్వింది. మాట నిజమే మరి.

వదిన మట్టి తెలిసిన ఇంటి పిల్ల కాదు. వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, నేలంతా సిమెంటు. చిక్కుడు తీగకి కాస్తుందో పొదకి కాస్తుందో కూడా తెలియకుండా ఈ ఇంటికొచ్చింది. అయితే ఆమెకు కొలవడం తెలుసు. ఫ్యాక్టరీ టేపు మెడలో వేసుకుని పెరట్లోకి దిగి, గింజకీ గింజకీ మధ్య తొమ్మిదంగుళాలు, లోతు అంగుళంన్నర అని కొలిచి పెట్టింది. అత్తగారు గుమ్మంలో నిలబడి, "చిక్కుడుకి చొక్కా కుడుతున్నావా?" అంది. ఆ ఏడాది పందిరి విరిగేలా కాసింది. ఆ తర్వాత అత్తగారు టేపు మాట ఎత్తలేదు.

అమ్మ పోయాక, పెరడున్న ఆ ఇల్లు యజమాని కూల్చి దుకాణాలు కట్టాడు. వాళ్ళు ఇప్పుడున్న ఇంట్లోకి మారారు. దీనికి పెరడు లేదు. వదిన నెల రోజులు కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. తర్వాత ఎక్కడ విందో, నీళ్ళ ట్యాంకు వెనక పంపుహౌసు స్థలంలో ఊరివాళ్ళకి కూరగాయల మడులిస్తున్నారని తెలుసుకుని, ఫ్యాక్టరీ యూనిఫాంతోనే వెళ్ళి పేరు రాయించుకొచ్చింది. ఇరవై రెండు మడులు, ఒకే ఒక్క కుళాయి. మడికి అరగంట చొప్పున నీళ్ళ వంతు. పొద్దున డ్యూటీకి ముందొకసారి, సాయంత్రం దిగాక ఒకసారి, ఆదివారాలైతే లెక్కే లేదు. రిటైరయ్యాక ఇక పట్టపగ్గాల్లేవు.

"అక్కడేమైనా పారిపోతోందా?" అనేది లైబ్రేరియను.

"పారిపోవు. పెరుగుతాయి. అదే కంగారు."

మడిలో ఏది దిగితే ఇంట్లో అదే కూర. ముల్లంగి దిగితే ముల్లంగి, దాని ఆకులు మర్నాడు. నారు వత్తుగా మొలిస్తే పీకేసిన పిల్లమొక్కల్ని కూడా పారేసేది కాదు. వేళ్ళు కోసేసి పెనం మీద ఒక్క తిప్పు తిప్పేది. సొరకాయల కాలంలో పదకొండు రోజులు వరసగా సొరకాయ తిన్న లైబ్రేరియను, పన్నెండో రోజు పళ్ళెం ముందు నుంచి లేచిపోయింది.

"ఇంకెన్నాళ్ళు వదినా ఇది?"

"నన్నడుగుతావేం? వెళ్ళి పాదునడుగు."

చిక్కుడు మాత్రం వేరు. కోసిన గంటలోపే పొయ్యి మీదికెక్కాలి. నిలబడే ఈనెలు తీసేది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో ఉల్లిపాయ, ఉప్పు, కాయలు, అంతే. నీళ్ళు పోసేది కాదు. మూత మీద నీళ్ళు పోసి సన్నటి సెగన వదిలేసేది. ఆ మూత మీద నీళ్ళు ఎగిరిపోయేలోపు కూర అయిపోవాలి. అంతసేపూ పొయ్యి ముందు అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. లైబ్రేరియను మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేది.

"ఎంతైనా మా అమ్మ చిక్కుళ్ళు వేరు. విత్తనంలో ఉంటుందమ్మా రుచి. నీ చేతి మహిమ అనుకునేవు!"

ఇంకే మాటకైనా వదిన పదిరెట్లు తిరిగిచ్చేది. ఈ మాటకి మాత్రం పొయ్యి వైపు తిరిగి ఏదో సర్దుకునేది. గెలిచాననుకునేది లైబ్రేరియను. ఏటా గెలిచేది.

ఇప్పుడా విత్తనం లేదు. కిందటేడు చిక్కుడు పందిరికి తెగులు తగిలింది. దాచింది రెండే గుప్పెళ్ళు. సగం దాచి సగం పెడదామంటే మడికి చాలవని వదిన మొత్తం నానబోసింది. వానలు పడేలోపు గింజ నేలలో ఉండాలి. ఆలస్యమైతే తీగ పాకుతుంది గానీ పూత నిలవదని వదిన ఎన్నిసార్లు చెప్పిందో. అంటే పది రోజులు, మహా అయితే పన్నెండు. ఆ లోపల ఎక్కడైనా ఒక్క గుప్పెడు దొరకాలి. అమ్మ నుంచి వదిన చేతికి, వదిన చేతి నుంచి ఎక్కడికి? తన దగ్గరే తెగిపోయిందంటే? జీవితంలో ఎన్నడూ మట్టి ముట్టని మనిషికి ఇప్పుడు చేతులు దురద పెట్టసాగాయి.

ముందు ఇల్లు గాలించింది. వదిన విత్తనాలు మందు సీసాల్లో, గుండీల డబ్బాల్లో, చాక్లెట్ పెట్టెల్లో ఉండేవి. వాటి మీద ఫ్యాక్టరీ సైజు లేబుళ్ళు అంటించి ఉన్నాయి. ముల్లంగికి ఎస్, వంగకి ఎమ్, టమాటాకి ఎల్, గుమ్మడికి డబుల్ ఎక్సెల్. చిక్కుడు డబ్బాకి ఏ లేబులూ లేదు. ఖాళీ. గోరుతో అడుగున గీకితే దుమ్ము వచ్చింది. వదిన మడికి వేసుకెళ్ళే పాత ఏప్రను జేబుల్లో చూసింది. కాగితంలో చుట్టిన ఉప్పు, దారపు ఉండ, సగం అరిగిన పెన్సిలు. ఉప్పు ఎందుకో లైబ్రేరియనుకి తెలుసు. పచ్చి దోసకాయ మడిలోనే తుంపి తినడానికి.

అప్పుడు రిజెక్ట్ అయిన ఆ రెండు గింజలు గుర్తొచ్చాయి. గట్టు మూల చూసింది, లేవు. పెద్దక్క తుడిచేసి ఉంటుంది. చెత్తబుట్ట నేల మీద బోర్లించి, మోకాళ్ళ మీద కూర్చుని, ఉల్లిపొట్టులో వెతికి ఒకటి పట్టుకుంది. చిన్న బెజ్జం ఉంది దానికి. గ్లాసులో మట్టి వేసి, అందులో పెట్టి, కిటికీలో ఉంచింది. గంటకోసారి వెళ్ళి చూసింది. నాలుగో రోజు వేలితో కెలికితే మెత్తగా, జిగటగా చితికిపోయింది.

లైబ్రరీలో వంటల పుస్తకాలు తీసుకెళ్ళి చరిత్ర బీరువాలో సర్దింది. ఒకాయన ఇచ్చిన పుస్తకానికి ముద్ర వేయబోయి ఆయన చెయ్యి మీద వేసింది. "మీరో వారం సెలవు పెట్టండి" అన్నారు పై అధికారి. సెలవు పెడితే ఇంట్లో కూర్చోవాలి. ఇంట్లో కూర్చోలేకే కదా ఇక్కడికొచ్చింది? చివరికి సెలవు పెట్టి మడికి వెళ్ళింది.

మడి ఎప్పుడో చూసిందే, కానీ కంచె బయట నుంచి. లోపలికి అడుగు పెడితే ఎక్కడ అడుగెయ్యాలో తెలియలేదు. చిక్కుడు కోసం తవ్వి సిద్ధం చేసిన పాదులు వరసగా, తొమ్మిదంగుళాల ఎడంతో, ఖాళీగా ఉన్నాయి. పందిరికి కొత్త తాళ్ళు కట్టి ఉన్నాయి. చూస్తూ నిలబడలేక, పచ్చగా కనిపించిన మొక్కనల్లా పీకడం మొదలుపెట్టింది.

"అయ్యయ్యో, మేడమ్! అది ఉల్లినారు!" మూల మడిలోంచి ఒకావిడ పరిగెత్తుకొచ్చింది. ఆస్పత్రిలో నర్సు. వదినకి ఇక్కడ బాగా దగ్గర మనిషి. "గడ్డి అటువైపుంది. మీ వదినగారు చూస్తే నా వీపు పగలగొట్టేది, పక్కనే ఉండి చూస్తూ ఊరుకున్నానని."

లైబ్రేరియను చేతిలో ఉల్లినారుతో అలాగే నిలబడింది. "చిక్కుడు విత్తనాల కోసం వచ్చాను. మా వదిన మీకేమైనా ఇచ్చిందా?"

"అన్నీ ఇచ్చింది. ఆవిడ చేతికి ఎముక లేదు. నా మడిలో ఉన్న వంగ ఆవిడదే, టమాటా ఆవిడదే. చిక్కుడు మాత్రం ఇవ్వలేదు. అడిగితే, 'ఈసారి గుమ్మడి పెట్టు, గుమ్మడికి పనుండదు' అనేది. నాలుగేళ్ళు అడిగాను, నాలుగేళ్ళూ గుమ్మడి పెట్టాను. మా ఇంట్లో ఇప్పుడు గుమ్మడికాయ పేరెత్తితే మా ఆయన బయటికి వెళ్ళిపోతాడు."

"ఎందుకివ్వలేదు?"

"మీ అమ్మగారి విత్తనం కదా, బయటికి పోనివ్వకూడదేమో అనుకున్నాను."

పంపుహౌసు వాచ్‌మన్‌ని అడిగింది. మడుల తాళం, నీళ్ళ వంతులు ఆయనే చూస్తాడు. ఆయన చెవి వెనక పెట్టుకున్న బీడీ తీసి, మళ్ళీ అక్కడే పెట్టుకుని, "వెల్డరుగారినడగండి. పక్క మడే కదా, ఏమైనా రాలిన గింజ మొలిచి ఉండొచ్చు" అన్నాడు.

"ఆయనతో మాకు మాటల్లేవు."

"మీకు లేవా, ఆవిడకి లేవా?"

"ఆవిడకి లేవు కాబట్టి నాకూ లేవు."

"బాగుంది. ఆవిడ వెళ్ళిపోయినా కోపం మాత్రం డ్యూటీలోనే ఉందన్నమాట."

పదకొండేళ్ళ కిందటి మాట అది. ఒక సాయంత్రం వదిన ఎర్రబడ్డ మొహంతో ఇంటికొచ్చింది. "పక్క మడి వెల్డరుతో నాకిక మాటల్లేవు. ఎదురుపడితే నువ్వూ మాట్లాడకు." ఏమైందంటే, "చిక్కుడు విత్తనాలడిగాడు" అంది. అడిగితే ఏమైందంటే, "అడిగాడంతే!" అని ఒంటికాలి మీద లేచింది. మిగతా కథ లైబ్రేరియనే అల్లుకుంది. అడిగాడు, ఇవ్వలేదు, కొట్టేశాడు, పట్టుకుంది. పుస్తకాలు చదివే మనిషికి ఖాళీలు పూరించడం ఎంతసేపు? ఆ కథని ఇన్నేళ్ళూ నిజమనే నమ్మింది. ఇప్పుడు మొదటిసారి, అది నిజమైతే బాగుండును అనిపించింది. కొట్టేసి ఉంటే ఆయన దగ్గరుండాలి కదా?

రెండుసార్లు కంచె దాకా వెళ్ళి మొహం చెల్లక వెనక్కొచ్చింది. మూడోరోజు ఆకాశం మబ్బు పట్టింది. ఇక ఆగలేదు.

వెల్డరు ఉల్లి మడిలో వంగి ఉన్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. పని మానేసి చాలాకాలమైనా నల్లద్దాల వెల్డింగ్ కళ్ళజోడు మానలేదు, ఎండకీ అదే, దుమ్ముకీ అదే.

"ఏమండీ."

ఆయన వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని అటు చూశాడు. "నన్నేనా?"

"మిమ్మల్నే. నేను..."

"తెలుసు మేడమ్. ఆవిడ ఆడపడుచు." నడుము పట్టుకుని లేచాడు. "పోయిందని విన్నాను. వద్దామనుకున్నాను. వస్తే మీరు తలుపేస్తారేమోనని రాలేదు."

వేసేదే. ఆ మాట పైకనలేదు. "చిక్కుడు విత్తనాల కోసం వచ్చాను. మా వదినవి మీ దగ్గర ఉంటే ఒక్క గుప్పెడివ్వండి. అవి మీ దగ్గరికెలా వచ్చాయో నేనడగను."

"ఎలా రావడమేమిటి?"

"కొట్టేసినా ఇప్పుడు నాకు పర్వాలేదు."

వెల్డరు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఆమెను తేరిపార చూశాడు. తర్వాత నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. "నేను కొట్టేశానని చెప్పిందా?"

"చెప్పలేదు. నేననుకున్నాను."

"హమ్మయ్య. చెప్పి ఉంటే ఇంకో పదేళ్ళు మాట్లాడకపోదును." గట్టు మీద కూర్చుని, కూర్చోమని చెయ్యి చూపించాడు. లైబ్రేరియను కూర్చోలేదు. ఈ పదిరోజుల్లో ఆమె కూర్చోవడమే మరిచిపోయింది. "నా దగ్గర ఒక్క గింజ లేదు మేడమ్. ఆవిడ దగ్గరున్నవే నావి."

"అంటే?"

"ఎవరికీ చెప్పనని ఒట్టేశాను. ఇప్పుడు ఒట్టు వేయించుకున్న మనిషే లేదు. మీ అమ్మగారి చిక్కుళ్ళు ఎప్పుడో పోయాయి. పన్నెండేళ్ళయింది. అప్పటినుంచీ ఆ పందిరి మీద కాస్తున్నవి మా వంటింటివి."

"అబద్ధం. మా అమ్మ చిక్కుళ్ళ రుచి నాకు తెలీదా?"

"మీకు తెలిస్తే తెలుసేమో. నేను మాత్రం మా సందు చివర కొట్లో వండుకోవడానికి అరకిలో తెచ్చాను. సగం వండాం. ఎంతకీ ఉడకలేదు, రుచీ పచీ లేదని మా ఆవిడ నన్ను తిట్టింది. మిగతా సగం డబ్బాలో పడుంది. మీ వదిన వచ్చి అడిగితే అదే ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు కూడా చెప్పాను, వీటితో లాభం లేదమ్మా అని."

పైన ఉరిమింది. మూల మడిలో నర్సు గబగబా బకెట్లు సర్దుకుంటోంది.

"మరి గొడవెందుకొచ్చింది?"

"తప్పు నాదే. మర్నాడు కాదు, మరుసటేడు, ఆ పందిరి చూసి నాకు మతిపోయింది. అవేనా మా ఆవిడ తిట్టిన గింజలు! ఓ నాలుగు ఇవ్వమ్మా, నేనూ పెట్టుకుంటాను అన్నాను. ఏమందో తెలుసా? 'ఇవి మా అత్తగారివి, బయటికివ్వం' అంది. నాతోనే! నా మొహం మీదే! రెప్ప కూడా వెయ్యకుండా అంది. ఒక్క క్షణం నాకే అనుమానమొచ్చింది, నేనిచ్చానా లేదా అని. తర్వాత నవ్వొచ్చేసింది. నవ్వకుండా ఉండాల్సింది. చేతిలో ఉన్న బకెట్ నీళ్ళు నా కాళ్ళ మీద దిమ్మరించి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఒక్క మాట లేదు. నా నీళ్ళ వంతు మాత్రం ఎప్పుడూ తినలేదు, అది చెప్పాలి."

లైబ్రేరియను పందిరి వైపు చూస్తోంది. కొత్త తాళ్ళు గాలికి ఊగుతున్నాయి. అడగాల్సింది ఒకటి మిగిలింది. అడగకుండా ఇంటికెళితే నిద్ర పట్టదు, అడిగితే పడుతుందన్న నమ్మకమూ లేదు.

"అసలు మా వదిన మిమ్మల్నెందుకడిగింది? డబ్బా నిండా ఉండేవి కదా?"

"మీ అన్నయ్యగారు పోయిన ఏడాది. ఆయన పోయి పట్టుమని పదిరోజులు కాలేదు, వచ్చి మడి తవ్వుతోంది. ఒకచోట నిలబడదు, తవ్విన చోటే మళ్ళీ తవ్వుతుంది. నాకు భయమేసి వెళ్ళి అడిగాను. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చి చూస్తే విత్తనాల డబ్బాకి మూత లేదట. ఎలుకలు ఒక్క గింజ మిగల్చలేదట, పొట్టు తప్ప. 'మీ దగ్గరేమైనా ఉన్నాయా? మా ఆడపడుచుకి మాత్రం తెలియకూడదు' అంది. వాళ్ళమ్మవి కదా, బాధపడుతుందనా అన్నాను. 'అదొకటి' అంది."

"ఇంకొకటి?"

"అది చెప్పలేదు. మూత ఎవరు తీశారమ్మా అంటే విసుక్కుంది. 'ఎవరో కాఫీపొడి కోసం వెతుక్కుని ఉంటారు, మళ్ళీ పెట్టడం మరిచిపోయుంటారు. ఎవరైతే ఏంటి? గింజలున్నాయా లేవా అది చెప్పండి' అంది."

అన్నయ్య ఆస్పత్రిలో ఉన్న ఆ నలభై రోజులూ వదిన ఒక్క పూట కూడా ఇంటికి రాలేదు. అన్నయ్యా వదినా ఇద్దరూ టీ తాగే మనుషులు. ఆ ఇంట్లో కాఫీ తాగేది లైబ్రేరియను ఒక్కతే.